వాడి సబ్బు

“వాడలేదన్నావా, లేదా?” తడి తలతో, భుజమ్మీద తువ్వాలుతో గది మధ్యలో నిలబడి టైలర్ అరిచాడు. “అన్నావు గురూ! నా రెండు చెవులతో విన్నాను.”

ఎదురుగా అతని రూమ్మేట్. వేరే దేశం నుంచి వచ్చి, రొట్టెల బట్టీలో పనిచేస్తున్న మనిషి. చేతిలో తడిసిన సబ్బు. అందరూ అతన్ని పరదేశి అనే పిలుస్తారు.

గొడవ విని ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. పక్కగది డ్రైవరు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు.

“సబ్బు కోసమా ఇంత రుబ్బుడు?” అన్నాడు డ్రైవరు.

“మీరే చెప్పండి ఓనరమ్మగారూ, నేను దొంగలా కనిపిస్తున్నానా? నిన్న అలమారా సర్దుతుంటే కాగితంలో చుట్టి ఈ సబ్బు కనబడింది. ‘ఇది వాడలేదా?’ అనడిగాను. ‘వాడలేదు’ అన్నాడు. పైగా తల కూడా ఊపాడు. వాడకపోతే పాడైపోతుందని పొద్దున ఒళ్లు రుద్దుకున్నాను. అంతే!”

వాడకంలో ఆ ఇద్దరికీ మొదటినుంచీ చుక్కెదురే. టైలర్‌ది ధారాళం, పరదేశిది సన్నటి ధార. టైలర్ రుద్దుకుంటే సబ్బు అరుగుతుంది, పరదేశి రుద్దుకుంటే ఒళ్లు అరుగుతుంది. గుడ్డముక్కలు కలిపి టైలర్ బతుకుతుంటే, అరిగిపోయిన సబ్బుముక్కలు కలిపి నొక్కి పరదేశి నెల గడిపేస్తాడు. అలాంటివాడి దగ్గర చెయ్యి పడని సబ్బు కనిపిస్తే టైలర్‌కి పిసినారితనం అనిపించిందే తప్ప మరోటి తోచలేదు.

“ఒక్క స్నానానికి ఏం అరిగిపోయింది నాయనా?” ఓనరమ్మ బుజ్జగించింది. “ఇంకా ఇటుకంత ఉందిగా.”

“మనవాడి స్నానం మీరు చూళ్ళేదు పిన్నిగారూ. ఇటుకైనా ఇసుకైపోతుంది” అన్నాడు డ్రైవరు.

“సాయంత్రం పది సబ్బులు తెచ్చిపడేస్తాను. ఇక వదిలెయ్ గురూ!” అన్నాడు టైలర్.

పరదేశి వినలేదు. సబ్బుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వెలుతురులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాని మీద బొటనవేలు పెట్టి, చీకట్లో స్విచ్చి వెతుకుతున్నట్టు మెల్లగా జరుపుకుంటూ పోయాడు. వేలు జారుతూనే ఉంది. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“సబ్బు కళ్ళలో పడిందా ఏంటి?” అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వలేదు. అతనే బ్రష్షు నోట్లోంచి తీసేశాడు.

ఓనరమ్మ పరదేశి భుజమ్మీద చెయ్యి వేసింది. “నిన్న ఇతను అడిగితే నువ్వేమన్నావు బాబూ? నిదానంగా చెప్పు.”

పరదేశి గొంతు సవరించుకున్నాడు. నేర్చుకుంటున్న భాష. ఒక్కో మాటా విడదీసి పలికాడు.

“వాడు... లేడు.”

టైలర్ భుజమ్మీది తువ్వాలు కిందికి జారింది. “వాడెవడు?”

“తమ్ముడు. నువ్వు అడిగావు, ‘వాడు లేడా?’ నేను చెప్పాను, ‘వాడు లేడు’. ఊళ్ళో... జబ్బు. పోయిన నెల.”

“అయ్యో, నేనడిగింది సబ్బు సంగతి గురూ! నువ్వు చెప్పింది తమ్ముడి సంగతా!” టైలర్ మంచం మీద కూలబడ్డాడు. దోషిలా తలెత్తాడు. “అయినా... సబ్బు ఉంది కదా. తుడిచి దాచుకో. ఇంకెవరం ముట్టుకోం.”

పరదేశి తల అడ్డంగా ఊపాడు. నున్నగా మెరుస్తున్న సబ్బుని వాళ్ళ ముగ్గురికీ చూపించాడు.

“తమ్ముడే సబ్బులు చేసేవాడు. పచ్చిగా ఉన్నప్పుడు ప్రతి సబ్బు మీదా బొటనవేలు నొక్కేవాడు. ఇక్కడ ఉండేది... వాడి వేలిముద్ర.”