ముట్టుకుంటున్నా

కసరత్తు చొక్కాలు వచ్చాక ఆత్మరక్షణ ఎవరూ పనిగట్టుకుని నేర్చుకోవడం లేదు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని చెమట పట్టిస్తే చాలు, దెబ్బలన్నీ కండరాలే నేర్చేసుకుంటాయి. ఆ తర్వాత చెప్పకుండా ఎవరు మీదకొచ్చినా, చెయ్యి వేసినా మనసుకంటే ముందు ఒళ్లు తిరగబడుతుంది. నేర్చింది మరిపించే చొక్కా మాత్రం ఇంకా రాలేదు. అందుకే బెజవాడలో ఏ ఇంట్లోనైనా తాకేముందు "ముట్టుకుంటున్నా" అని చెప్పాలి. పెళ్లిపీటల మీద తాళి కట్టేముందు వరుడు కూడా ఆ మాట అంటాడు.

ఓ సాయంత్రం హంసిని ఆఫీసు నుంచి జ్వరంతో వచ్చి సోఫాలో నిద్రపోయింది. పిలిస్తే లేస్తుందేమోనని, తల్లి శేషారత్నం ఏమీ అనకుండా నుదుటిమీద చెయ్యి వేసింది.

కళ్లు తెరవకుండానే హంసిని ఆ మణికట్టు విరిచేసింది. ఎముక విరిగిన చప్పుడుకే మెలకువ వచ్చింది.

"అయ్యో! చెప్పొచ్చు కదమ్మా!"

"పడుకున్నావు కదా అనీ..." విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుంది శేషారత్నం. "ఒళ్లు కాలిపోతోందే నీకు."

హంసిని బావురుమని తల్లిని వాటేసుకోబోయింది. ఏడుపులో ఆ మాట చెప్పడం మరిచిపోయింది.

"వద్దే, దగ్గరికి రాకు!" అని అరిచింది శేషారత్నం.

ఆవిడ రెండో చెయ్యి అప్పటికే పిడికిలి బిగించి లేచింది.