మూడొందల వోల్టుల కోపం

వైరు బిగించబోతుంటే పవర్ సప్లై మీది ఎర్ర లైటు దానంతటదే వెలిగి, క్షణంలో ఆరిపోయింది. అది వెలిగిందంటే వైర్లలో మూడొందల వోల్టులు పారుతున్నట్టే. అతను చెయ్యి వెనక్కి లాక్కుని, వెంటనే పెళ్ళానికి ఫోన్ చేశాడు. అతను పనిచేసే ల్యాబ్‌లోని పరికరాలను ఇంట్లో కూర్చుని పైథాన్ కోడ్‌తో నడిపించేది ఆవిడే. పొద్దున ఇద్దరికీ పెద్ద గొడవైంది.

“కోపముంటే నోటితో తిట్టు, కరెంటుతో కాదు,” అన్నాడు.

“ఇప్పుడు గుర్తొచ్చానా? ఇందాకట్నుంచి చేస్తుంటే కట్ చేస్తున్నావు.”

“నీ సోది వినే ఓపిక లేక. ముందు నీ టెస్టు ఆపు.”

“నా టెస్టు ఇంకా మొదలే పెట్టలేదు.”

లైటు మళ్ళీ వెలిగింది. అతను ఆఫ్ బటన్ నొక్కాడు. పలకలేదు. కోడ్‌తో నడిపిస్తున్నంతసేపూ ఆ బటన్లు పనిచెయ్యవు. ఇంతలో లైటు దానంతటదే ఆరింది.

“నా కళ్ళముందే ఆన్ చేసి, పైగా అబద్ధాలా?”

“ఆన్ చేస్తున్నది నేను కాదు. ఆపుతున్నది నేను,” అందావిడ. “వెళ్ళి నీ కంప్యూటర్ చూసుకో.”

చూశాడు. నిన్న సాయంత్రం తనే రాసి, ఆపడం మరిచిపోయి ఇంటికెళ్ళిపోయిన కోడ్ ఇంకా తిరుగుతూ, పవర్ సప్లైని మాటిమాటికీ ఆన్ చేస్తూనే ఉంది. ఫోన్లో తను కట్ చేసిన ఆవిడ కాల్స్ వరసగా ఉన్నాయి.

“ఆపేశాను,” అన్నాడు. “ఇక పెట్టేస్తావా?”

“వైర్లు బిగించడం అవనీ. అందాకా లైన్లోనే ఉంటా. నాతో మాత్రం మాట్లాడకు.”