యజమాని పేరు

పొయ్యి, నల్లా, ఫ్యాను అన్నీ వైఫై పెట్టె మాటే వినే రోజులవి. మరమగ్గాల వాడలో సమ్మె మొదలవగానే మగ్గాల కంపెనీ, ఇంటింటికీ తానే ఇచ్చిన ఆ పెట్టెలను మూగవి చేసింది. పొయ్యి ఆరితే సమ్మె కూడా ఆరుతుందని దాని ఆశ. వాడ ఆడవాళ్లు ఊరుకుంటారా? కంపెనీ ప్రోగ్రాం పీకి పారేసి, తాము రాసుకున్నది ఎక్కించుకున్నారు.

ఈ ఉదయం సుగుణ దాని కొత్త వెర్షన్ ఎక్కించింది. అంతే, పొయ్యి మొండికేసింది. మధ్యాహ్నానికి నలభైమంది సమ్మె కార్మికులకు అన్నం వండాలి.

"ఇంటి యజమాని పేరు చెప్పండి," అంది పెట్టె.

"చెప్పయ్యా జల్ది," అని సుగుణ మొగుణ్ని ముందుకు తోసింది.

"గాజుల రాజేశం."

"ఆ పేరు ఇక్కడ లేదు."

పెట్టెను ఆపి మళ్లీ ఆన్ చేశారు. వైర్లు పీకి గుచ్చారు. రాజేశం గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. చివరికి చనిపోయిన మామ పేరు కూడా చెప్పించింది సుగుణ. లేదంది పెట్టె.

ఈ గోలకి, కొత్త వెర్షన్ రాసిన పక్కింటి వినోద గోడమీంచి తొంగిచూసింది.

"బావ పేరెందుకక్కా? ఎవరు ఎక్కిస్తే వాళ్లే యజమాని అని రాసిన. మొన్న మీటింగుల ఆ మాటకు అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది నువ్వే గదా!"

సుగుణ నాలుక కరుచుకుంది. మీటింగులో కంపెనీని కడిగేసిన మనిషి, యజమాని అనగానే మొగుడి మొహం చూసింది!

"గాజుల సుగుణ," అంది గట్టిగా.

పొయ్యి మీది నాలుగు బర్నర్లూ ఒక్కసారే వెలిగాయి. రాజేశం పగలబడి నవ్వాడు.

"యజమానమ్మా, ఎసరు ఎంత పెట్టమంటవ్?"

"నలభైమందికి పెట్టు. ఇగ నవ్వింది చాలుగని, బియ్యం కడుగు."