పిన్నులు పీకే ఉద్యోగం

చేరిన మొదటి రోజే ఆమె చేతిలో ఒక పిన్నులు పీకే పట్టకారు, ఒక రేకు డబ్బా పెట్టారు.

"పాత ఫైళ్లలో పిన్నులన్నీ పీకి ఇందులో వెయ్యండి. కాగితాలు తారీఖుల వరసలో సర్ది, నంబర్లు వేసి, దారంతో కుట్టండి" అంది సూపర్‌వైజరు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకో ఫైలు."

అది ఒక ప్రైవేటు ఆస్పత్రి రికార్డుల గది. నేల నుంచి కప్పు దాకా ఫైళ్లే. ఇరవై ఏళ్ల రోగాలు అట్టల మధ్య నిద్రపోతున్నాయి. సూపర్‌వైజరుకి ఆ గదిలో అందరూ చాటుగా పెట్టుకున్న పేరు గుండుసూది. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం దిగిందంటే మళ్లీ పైకి రాదు. మూడు నెలలు పని చూసి ఆవిడ సరేనంటేనే ఉద్యోగం. లేదంటే ఇంటిదారే.

వారం తిరిగేసరికి వేళ్ల కొసలు జల్లెడలయ్యాయి. తుమ్ములకైతే లెక్కే లేదు. పక్కవాళ్లంతా కంప్యూటర్ల ముందు టకటకలాడిస్తుంటే, తను మూల స్టూలు మీద కూర్చుని తుప్పుతో కుస్తీ పడుతోంది.

ఆమె ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్లు ఇద్దరే. ఒకరు ఉద్యోగంలో ఆరితేరారు. ఇంకొకరు ఇప్పుడే ఓనమాలు దిద్దుతున్నారు. ఆ సాయంత్రం ఆమె గడప దాటుతూనే చేతిసంచీ కుర్చీలోకి విసిరింది.

"నేను మానేస్తున్నా."

"ముందు కాళ్లు కడుక్కో అమ్మా. కాస్త తిన్నాక మానేద్దువుగాని."

"నవ్వకు. వెంటపడి, పోరు పెట్టి నాతో డిగ్రీ పాసు చేయించావే, ఇందుకేనా? పిన్నులు పీకడానికా?"

"చేరీచేరగానే ఎవరూ అంబారీ ఎక్కించరు. నేను చేరిన కొత్తలో ఏడాది పాటు కవర్లు అంటించాను. కల్లో కూడా జిగురు వాసనే!"

"నాకంత ఓపిక లేదు."

"లేకపోతే తెచ్చుకో. బడికి ఎగనామం పెట్టే పిల్లలా వేషాలెయ్యకు. రేపు నేనే బస్సెక్కిస్తా."

అన్నంత పనీ చేసింది. మర్నాడు బస్టాపు దాకా వచ్చి, సీటు దొరికేదాకా నిలబడి, చెయ్యి కిటికీ బయట పెట్టొద్దని అందరికీ వినపడేలా చెప్పి మరీ వెళ్లింది. బస్సులో వాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆమె తల దించుకుంది.

ఎలాగూ తప్పదు కదా అని, ఆ రోజు నుంచి కాగితాలు చదవడం మొదలుపెట్టింది. చదువుతుంటే పని కాస్త తీపెక్కింది. ఒకాయన పన్ను పీకించుకోవడానికి నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ పారిపోయాడు. ఒకావిడ తన బరువు రాసిన చోటల్లా ఒప్పుకోనని పక్కన రాసి సంతకం పెట్టింది.

గుండుసూది పసిగట్టింది.

"నేను నంబర్లు వెయ్యమన్నాను. చదవమనలేదు."

"చదవకపోతే ఏది ఏ ఫైలుదో ఎలా తెలుస్తుందండీ?"

గుండుసూది చేతిలో ఉన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. నా పని అయిపోయిందనుకుంది ఈమె.

మూడో నెల చివర్లో ఒకరోజు పై నుంచి కబురొచ్చింది. పదకొండింటికి ఒక లారీ డ్రైవరుకి ఆపరేషను, పాత ఫైలు పంపమని. గుండుసూది ఫైలు తీసి పంపించేసింది. అట్ట మీద పేరు చూసినప్పుడే ఈమెకి ఎక్కడో కలుక్కుమంది. అదే పేరు, అదే ఇంటిపేరు, నిన్న కుట్టడానికి తీసి పెట్టిన ఒక దర్జీ ఫైలు మీద కూడా ఉంది.

గబగబా ఆ ఫైలు తీసింది. అందులో ఒక కాగితం మీద ఎర్రసిరాతో ఒక మందు పేరు, దాని పక్కన ఇలా ఉంది: "ఈ ఇంజెక్షను పడదు. ఒళ్లు వాచి ఊపిరి ఆడలేదు." కింద వృత్తి దగ్గర రాసింది దర్జీ అని కాదు. డ్రైవరు అని. ఆయన కాగితం పొరపాటున దర్జీ ఫైలులో కలిసిపోయింది.

లిఫ్టు ఎంతకీ దిగలేదు. కాగితం పట్టుకుని మూడంతస్తులు మెట్ల మీదే పరిగెత్తింది. ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర రొప్పుతూ కాగితం డాక్టరు ముఖం ముందు ఊపింది. లోపల నర్సు అప్పటికే సిరంజిలో మందు ఎక్కించింది. సరిగ్గా ఆ మందే. డాక్టరు కాగితం ఒకసారి చదివాడు, రెండోసారి చదివాడు, "ఆపండి" అన్నాడు.

మూడు నెలల గడువు తీరిన రోజు గుండుసూది ఆమెని సూపరింటెండెంటు గదికి తీసుకెళ్లింది. చదవమనలేదన్న రోజు పుస్తకంలో తాను రాసుకున్న మాట ఆయనకి చదివి వినిపించింది: "ఈ మనిషిని వదులుకోవద్దు." చదివేటప్పుడు కూడా ముఖంలో నవ్వు లేదు.

"ఇంత ఓర్పు ఎక్కడ నేర్చుకున్నారు?" అడిగాడు సూపరింటెండెంటు.

"నేర్చుకోలేదండీ. ఇంట్లో పోరు పడలేక వచ్చాను. మానేస్తానన్నప్పుడల్లా బస్సెక్కించేస్తుంది."

ఆయన పకపకా నవ్వి టేబుల్ మీది ఫోను ఆమె వైపు జరిపాడు. "అయితే ముందు అక్కడ చెప్పండి, ఉద్యోగం ఖాయమైందని."

ఆమె నంబరు నొక్కింది.

అవతల బ్యాంకు కౌంటరులో ఫోనెత్తిన మనిషి కబురు విని, ఎదురుగా క్యూ ఉందన్న సంగతే మరిచిపోయి, కుర్చీలోంచి లేచి కేక పెట్టింది: "యాభై ఎనిమిదో ఏట మా అమ్మకి మొదటి ఉద్యోగం ఖాయమైందండోయ్!"