తొమ్మిది కలిసిన తుపాకి

ప్రతివాడి నడుముకు తుపాకి ఉండే రోజులొచ్చాక నా గాజుల కొట్టులో తుపాకులు పెట్టాను. మా వీధి మేఖలకు ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. ఊరవతల దారుల్లో ఒంటరిగా తిరగాలి. చీర కుచ్చిళ్ళలో దాచుకునే తుపాకి కోసం భర్త ప్రణీత్‌తో వచ్చింది.

మొదట చూపిన చిన్నదానిలో తూటా సులువుగా ఎక్కించింది. "నాకిది చాలండి."

ప్రణీత్ దాని మీది నంబరులో అంకెలన్నీ కూడాడు. "ఎనిమిదొచ్చింది, శనిది. తొమ్మిదొచ్చేది చూపించండి."

తొమ్మిదొచ్చేది ఒక్కటే ఉంది. దాని పైరేకు వెనక్కి లాగితేనే తూటా ఎక్కుతుంది. మేఖల రెండు చేతులతో లాగినా అది కదల్లేదు.

"అమ్మాయి వల్ల కావట్లేదు బాబూ."

"అలవాటవుతుందిలెండి." అదే కొని, గొట్టానికి కుంకుమ బొట్టు పెట్టి ఆమె చేతికిచ్చాడు. "మంచి నంబరేగా?"

"మంచిదే బాబూ," అన్నాను, "ఎదురొచ్చేవాడికి."