గ్రూపులోంచి తీసేశారు

"నా పేరు పీకేయడానికి నువ్వెవతివే?"

తలుపు తోసుకుని వచ్చిన ఎర్మెలిందా, చేతిలోని ఫోనును ఒబ్దూలియా ముఖానికి ఎదురుగా పట్టింది. 'మిమ్మల్ని ఈ గ్రూపు నుంచి తొలగించారు' అన్న వాక్యం తెరమీద ఇంకా వెలుగుతూనే ఉంది.

"కూర్చో అక్కా. మంచినీళ్లు తాగు."

"నీ నీళ్లు నువ్వే తాగు! గ్రూపు పెట్టింది నేను. పెద్దరికం నీ చేతికిచ్చింది నేను."

అబద్ధం కాదు. మాయమైన కొడుకుల కోసం మెక్సికోలోని సొనోరా ఎడారిని తవ్వడానికి బయలుదేరిన అయిదుగురు తల్లులకు ఆ గ్రూపును ఏర్పరచినది ఆమే. రేపు ఏ దిక్కుకు వెళ్లాలి, పారలెవరు తేవాలి, నేలలో దించి తీసిన చువ్వ కొన ఎక్కడ శవం వాసన వేసింది: అందులో అంతకుమించిన మాట ఉండేది కాదు. ఇప్పుడు వందలమంది చేరారు. తెల్లవారితే కొవ్వొత్తుల బొమ్మలు, ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్నపిండి తమాలెల బేరాలు, ఎన్నికల అభ్యర్థుల నవ్వుముఖాలు. వాటి అడుగున ఎక్కడో, తవ్విన చోటి నుంచి వచ్చే చొక్కాల, బూట్ల ఫొటోలు. ఎర్మెలిందా నిద్ర లేచేది ఆ ఫొటోల కోసమే.

"ఆ తమాలెలదాన్ని 'ఇది సంతనుకున్నావా' అని కడిగేశాననేగా ఈ కక్ష?"

"ఆ సంగతి కాదక్కా."

"మరి మోకాలు వాచింది, ఇంట్లో ఉండమని నాకు చెప్పి, పొద్దున్నే తవ్వకానికి పోయారేం? ఏం చబేలా, నోరు పడిపోయిందా? చువ్వ పట్టడం నీకు నేర్పింది నేను కాదుటే?"

గోడవార నిలబడిన చబేలా ముఖం తిప్పుకుంది.

"దొంగమొహాల్లారా! రేపు నా ఎఫ్రాయిన్ చొక్కా ఫొటో అందులో పెడితే? ఊరంతా చూసి, కన్నదాన్ని నేనొక్కదాన్నే చూడకపోతే?" ఎర్మెలిందా ఫోనును ఒబ్దూలియా చేతికి చాపింది. "నన్ను మళ్లీ చేర్చవే. ఇంకెవరినీ తిట్టను. దాని తమాలెలన్నీ నేనే కొంటాను."

ఒబ్దూలియా ఆ ఫోనును మెల్లగా తీసుకుని బల్లమీద బోర్లించింది. ఎర్మెలిందా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"నీకు ఫోనులో తెలియకూడదనే తీసేశానక్కా."

"ఏం తెలియకూడదు?"

"ఎఫ్రాయిన్ దొరికాడు."