తారీఖు లేని చీటీ

బడి గోడ వెనక దొరికిన ఖాళీ బ్రాందీ సీసాను దర్జీ అక్క మందు కొట్టు బల్ల మీద ఠపీమని పెట్టింది. పిల్లలకు మందు అందకుండా చూసే వీధి కమిటీకి ఆమే పెద్ద.

"సిగ్గులేదూ నీకు? పసిపిల్లలకి అమ్మొద్దని మేం అంటించిన కాగితం అందానికనుకున్నావా?"

"అరవకక్కా. బడిపిల్లలెవరికీ ఇవ్వట్లేదు, ఒక్క పిల్లకి తప్ప."

"దాన్ని కన్నదెవరో చెప్పు! జుట్టు పట్టుకుని బజారుకీడుస్తా!"

కొట్టతను సొరుగులోంచి ఒక చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు.

జాకెట్టు కొలతలు రాసుకునే కాగితం. మీద ఆమె రాతే: 'మా ఆయనకి ఒక సీసా. అమ్మాయి చేత పంపించు.' కమిటీ పెద్ద మందు కొట్టు మెట్లెక్కితే నలుగురూ నవ్వుతారని అప్పుడు కూతుర్ని పంపింది.

"ఒక్కసారి! ఒక్కసారే కదరా పంపాను!"

"తారీఖు వెయ్యలేదు కదక్కా. ప్రతి శనివారం ఇదే తెచ్చి చూపిస్తోంది. నీ మాటే కదా అని ఇచ్చా. నిన్న మాత్రం అనుమానం వచ్చి అట్టే పెట్టుకున్నా."

ఆమె చీటీ లాక్కుంది. మడతల దగ్గర చిరిగిన చోటల్లా సన్నటి దారంతో కుట్టి ఉంది.

ఆ కుట్టు కూతురికి ఆమె నేర్పిందే.